తాళాల మేస్త్రీ కొడుకు.. కరెంటు లెక్క తేల్చిన ఓమ్

పటాన్‌చెరు: పాశమైలారం, బొల్లారం, ఇస్నాపూర్.. ఏ ఫ్యాక్టరీకి పోయినా ఎలక్ట్రీషియన్ చేతిలో మల్టీమీటర్ ఉంటుంది. దాని మీద గుర్రపు నాడా లాంటి గుర్తు ఒకటి కనిపిస్తుంది. అది ఓమ్ గుర్తు. ఐటీఐలో చేరిన కుర్రాడు మొదటి నెలలోనే ఈ పేరు వింటాడు. అది ఒక మనిషి పేరని చాలామందికి తెలియదు. ఆ మనిషి ఒక తాళాల మేస్త్రీ కొడుకు.

జార్జ్ సైమన్ ఓమ్ 1789 మార్చి 16న జర్మనీలోని ఎర్లాంగెన్ పట్టణంలో పుట్టాడు. తండ్రి యోహాన్ తాళాలు తయారు చేసేవాడు. పెద్ద చదువులు లేవు కానీ గణితం, సైన్సు సొంతంగా నేర్చుకున్నాడు. పుట్టిన ఏడుగురు పిల్లల్లో ముగ్గురే బతికారు. ఓమ్‌కు పదేళ్లప్పుడు తల్లి చనిపోయింది. తండ్రే పిల్లలను దగ్గర కూర్చోబెట్టుకుని లెక్కలు చెప్పాడు. తమ్ముడు మార్టిన్ తర్వాత గణిత శాస్త్రవేత్త అయ్యాడు.

1805లో యూనివర్సిటీలో చేరిన ఓమ్ డాన్సులు, బిలియర్డ్స్‌లో పడ్డాడు. తండ్రికి కోపం వచ్చింది. చదువు మాన్పించి పంపేశాడు. కుర్రాడు స్విట్జర్లాండ్ వెళ్లి ఒక బడిలో లెక్కల పంతులుగా చేరాడు. 1811లో తిరిగొచ్చి డాక్టరేట్ సంపాదించాడు. కానీ యూనివర్సిటీలో వచ్చే డబ్బులతో ఇల్లు గడవలేదు. మళ్లీ బడి పంతులు పనే దిక్కయింది.

1817లో కొలోన్ నగరంలోని ఒక హైస్కూల్లో ఉద్యోగం దొరికింది. అక్కడ ప్రయోగశాల ఉంది. చిన్నప్పుడు తండ్రి షాపులో నేర్చుకున్న పని ఇప్పుడు అక్కరకొచ్చింది. కావలసిన పరికరాలు తనే చేసుకున్నాడు.

వైరు పొడవు మారితే అందులో పారే కరెంటు ఎంత మారుతుంది? ఇదీ ఆయన ప్రశ్న. ఆనాటి బ్యాటరీతో పెద్ద తలనొప్పి. కనెక్షన్ ఇవ్వగానే జోరుగా ఉండి, కాసేపటికే నీరసపడేది. ఆ తిప్పలతోనే 1825లో ఆయన ప్రచురించిన సూత్రం తప్పింది. అయినా వదల్లేదు. పోగెన్‌డార్ఫ్ అనే సంపాదకుడి సలహాతో బ్యాటరీ పక్కన పెట్టి, రెండు వేర్వేరు లోహాలను అతికించాడు. ఒక అతుకును మరిగే నీళ్లలో, ఇంకోదాన్ని మంచులో ఉంచాడు. ఈసారి కరెంటు నిలకడగా వచ్చింది. ఒకే మందం ఉన్న రాగి తీగలను రకరకాల పొడవుల్లో ఒక్కొక్కటిగా కలిపి, అయస్కాంత ముల్లు ఎంత తిరిగిందో చూసి రాసుకున్నాడు.

చివరికి తేలింది ఇది: వోల్టేజీ పెరిగితే అదే లెక్కన కరెంటు పెరుగుతుంది, నిరోధం పెరిగితే తగ్గుతుంది. సగం జీతం మీద సెలవు పెట్టి మరీ పుస్తకం రాశాడు. 1827లో బెర్లిన్‌లో అచ్చయింది. సొంత దేశంలో పెద్దలు మెచ్చలేదు, కొందరైతే తీసిపారేశారు. యూనివర్సిటీ పోస్టు వస్తుందన్న ఆశ పోయింది. 1828లో ఉద్యోగానికి రాజీనామా చేశాడు. 1833లో నూరెంబర్గ్ పాలిటెక్నిక్‌లో చోటు దొరికే దాకా చిన్నాచితకా పాఠాలతోనే నెట్టుకొచ్చాడు.

ఆ లెక్క ఇప్పుడు మనకెట్లా పనికొస్తుందో చూద్దాం. ఒక హీటర్ కాయిల్‌కు 230 వోల్టులు ఇస్తే 10 ఆంపియర్లు తీసుకుంటోంది అనుకుందాం. 230ని 10తో భాగిస్తే నిరోధం 23 ఓములు. 230ని 10తో గుణిస్తే పవర్ 2300 వాట్లు. అదే వోల్టేజీ 207కు పడిపోతే కరెంటు 9 ఆంపియర్లకు, పవర్ 1863 వాట్లకు దిగుతుంది. అంటే వోల్టేజీ పది శాతం తగ్గితే వేడి 19 శాతం తగ్గింది. ఈ లెక్క హీటర్లకు సరిగ్గా సరిపోతుంది. మోటార్ల సంగతి వేరు. లోడు మీదున్న మోటారు వోల్టేజీ తగ్గితే ఎక్కువ కరెంటు లాగి వేడెక్కుతుంది.

అసలు ప్రమాదం లూజు జాయింట్ దగ్గర ఉంటుంది. 20 ఆంపియర్లు పారే లైన్లో ఒక టెర్మినల్ వదులై, అక్కడ అర ఓమ్ నిరోధం వచ్చిందనుకోండి. 20ని 20తో గుణించి సగం చేస్తే 200 వాట్లు. అంత వేడి వేలెడంత చోట పుడుతుంది. కరెంటు పెరగదు కాబట్టి ఎంసీబీ పడదు. ఇన్సులేషన్ మాత్రం కరుగుతుంది, మంట లేస్తుంది. అందుకే అనుభవమున్న ఉస్తాద్‌లు స్క్రూ బిగించిందా లేదా అని రెండుసార్లు చూస్తారు.

వేడికి సంబంధించిన ఈ సూత్రాన్ని ఇంగ్లండ్‌కు చెందిన జౌల్ 1841లో ప్రకటించాడు. అదే ఏడాది లండన్ రాయల్ సొసైటీ ఓమ్‌కు కోప్లీ పతకం ఇచ్చింది. పరాయి దేశం గుర్తించాక సొంతవాళ్లూ గుర్తించారు. జీవితమంతా కోరుకున్న ఫిజిక్స్ ప్రొఫెసర్ పదవి 1852లో, 63 ఏళ్ల వయసులో మ్యూనిక్‌లో దక్కింది. రెండేళ్లకే, 1854 జులై 6న కన్నుమూశాడు.

1881లో పారిస్‌లో జరిగిన అంతర్జాతీయ విద్యుత్ మహాసభ నిరోధం కొలమానానికి ఆయన పేరే ఖరారు చేసింది. సగం జీతంతో రాసిన ఆ లెక్కతోనే ఈ రోజుకీ షిఫ్టు ఎక్కే ప్రతి ఎలక్ట్రీషియన్ తన ప్రాణాన్నీ, పక్కవాడి ప్రాణాన్నీ కాపాడుకుంటున్నాడు.