మూత్రపిండాల మీది టోపీలు చూసిన యూస్టాకీ

మధ్య చెవి నుంచి గొంతుకు వెళ్లే సన్నని గొట్టాన్ని యూస్టేషియన్ నాళం అంటారని మనం సైన్సు పుస్తకంలో చదువుకున్నాం. ఆ పేరు బార్టొలోమియో యూస్టాకీ అనే ఇటలీ వైద్యుడిది. మాకు మాత్రం ఆయన చూపించిన అధివృక్క గ్రంథుల కథే ఎక్కువ నచ్చింది.

శాన్ సెవెరినోలో పుట్టిన యూస్టాకీ, కార్డినల్ జూలియో డెల్లా రోవెరెకు వైద్యుడిగా రోమ్ చేరారు. అక్కడి విశ్వవిద్యాలయంలో శరీర నిర్మాణ శాస్త్రం బోధించారు. చనిపోయినవారి దేహాలను కోసి పరిశీలించేవారు. 1543లో వెసాలియస్ రాసిన పెద్ద గ్రంథంలో కూడా అధివృక్క గ్రంథుల మాటే లేదు. మూత్రపిండాల మీద టోపీల్లా కూర్చునే ఈ గ్రంథులు ఒక్కొక్కటి సుమారు 5 గ్రాములే. పైగా చుట్టూ కొవ్వు. కొవ్వు ముక్క అనుకుని తీసి పారేయడం ఎంత తేలికో! 1563లో యూస్టాకీ వాటిని వర్ణించారు. అవేం పని చేస్తాయో ఆయనకు తెలియదు. అవి పాడైతే ప్రాణానికే ముప్పని థామస్ అడిసన్ 1855లో చూపించారు.

యూస్టాకీ బొమ్మల అంచుల్లో స్కేలు గీతలుంటాయి. మన అట్లాసులో అక్షాంశ రేఖాంశాలతో ఊరు వెతికినట్టే, వాటితో ఏ భాగం ఎక్కడుందో వెతకాలి. ఈనాటి ఎంఆర్‌ఐ యంత్రం కూడా ప్రతి చుక్కకూ చోటు లెక్కగట్టే బొమ్మ తయారుచేస్తుంది, అదీ కత్తి పెట్టకుండా, బతికున్న మనిషిలో. అయస్కాంత క్షేత్రంలో కొవ్వులోని హైడ్రోజన్, నీటిలోని హైడ్రోజన్ కాస్త వేరువేరుగా స్పందిస్తాయి. అధివృక్క గ్రంథిలోని గడ్డ కణాల్లో కొవ్వు కనిపిస్తే, అది సాధారణంగా హాని లేనిదే. అలాంటప్పుడు చాలామందికి ఆపరేషన్ తప్పుతుంది.

1552లో యూస్టాకీ 47 రాగి రేకుల మీద బొమ్మలు చెక్కించారు. బంధువైన పీనీ సాయం చేశారు. బతికుండగా అచ్చయినవి 8 మాత్రమే. అధివృక్క గ్రంథుల బొమ్మలు వాటిలోనివే. 1574లో కార్డినల్‌కు జబ్బు చేసిందని చూడబోతూ యూస్టాకీ దారిలోనే కన్నుమూశారు. మిగతా 39 రేకులూ ఏమయ్యాయో ఎవరికీ తెలియలేదు. బదిలీల్లో మన పుస్తకాల పెట్టె ఒక్క నెల కనబడకపోతేనే ఎంత గొడవ చేస్తాం! ఆ రేకులు చివరికి పీనీ వారసుల ఇంట్లో దొరికాయి. పోప్ పదకొండవ క్లెమెంట్ వాటిని తన వైద్యుడు లాన్చీసీకి అప్పగించారు. 1714లో అన్నీ అచ్చయ్యాయి, చెక్కించిన 162 ఏళ్లకు.