తాతయ్య చూచిన చందమామ

ప్రసంగీకులలో రారాజుగా పేరొందిన ఛార్లెస్ హాడన్ స్పర్జన్ గారి పేరు వినని బాప్తిస్టు కుటుంబము అరుదు. 1861లో లండనులో ప్రారంభమైన మెట్రోపాలిటన్ టాబర్నకిల్ గురించి, అక్కడికి వేలాదిగా వచ్చిన జనుల గురించి మనము ఎన్నోసార్లు విన్నాము. ఈసారి మేము ఆ గొప్ప వేదిక యొద్దకు గాక, ఆయన తప్పటడుగులు వేసిన పల్లెటూరి ఇంటికి మిమ్మును తీసికొని వెళ్లదలచాము.

స్పర్జన్ గారు 1834 జూన్ 19న ఇంగ్లాండులోని ఎసెక్స్ ప్రాంతములో, కెల్వెడన్ అను ఊరిలో పుట్టారు. తండ్రి జాన్ గారు బొగ్గు వ్యాపారి వద్ద గుమాస్తాగా పనిచేస్తూ, ఆదివారములలో వాక్యము బోధించేవారు. తల్లి ఎలైజా గారు. బిడ్డకు ఏడాది దాటిన కొద్ది కాలానికే స్టాంబోర్న్ గ్రామములోని తాతయ్య జేమ్స్ గారింటికి పంపవలసి వచ్చింది. తాతయ్య ఆ ఊరి సంఘానికి యాభై ఏళ్లకు పైగా కాపరిగా ఉన్నారు. ఇంట్లో నాయనమ్మ, పెళ్లికాని మేనత్త ఆన్ ఉండేవారు. పసివానిని ఎక్కువగా సాకినది ఆ మేనత్తే.

తాతయ్య ప్రసంగము సిద్ధపరచుకొనేటప్పుడు కూడా మనుమడు అదే గదిలో కూర్చునేవాడు. పాత పుస్తకములతో అతనికి పరిచయమైనది ఆ ఇంట్లోనే. ఒకసారి సంఘస్థుడొకడు తాగుడుకు అలవాటు పడ్డాడని తాతయ్య బాధపడుట చూచి, ఆ చిన్నవాడు ఎవరితోనూ చెప్పకుండా తానే సారాయి దుకాణానికి వెళ్లి, ఆ పెద్దమనిషిని మందలించి వచ్చాడు. అతడు సిగ్గుపడి మారుమనస్సు పొందాడు. తాతయ్య దుఃఖము తన దుఃఖమైనందుననే గదా ఆ పసివానికి అంత ధైర్యము వచ్చినది!

ఐదారేళ్ల వయసులో అతనిని కోల్చెస్టరులోని తలిదండ్రుల యొద్దకు తీసికొని పోయారు. తాతా మనుమడు కలిసి ఏడ్చారు. అప్పుడు తాతయ్య ఒక మాట చెప్పారు. కోల్చెస్టరులో నీవు చందమామను చూచినప్పుడు, నేను స్టాంబోర్నులో అదే చందమామను చూస్తుంటానని జ్ఞాపకము చేసికొమ్మన్నారు. చాలా ఏళ్లపాటు చంద్రుని చూచినప్పుడెల్లా ఆ బాలునికి తాతయ్యే గుర్తుకు వచ్చేవారు. సెలవులకు మరల ఆ ఇంటికే పరుగెత్తేవాడు.

మేము ఉపాధ్యాయ శిక్షణలో శిశు మనస్తత్వము చదివినప్పుడు జాన్ బౌల్బీ (1907-1990) అను ఇంగ్లాండు వైద్యుని పేరు విన్నాము. ఏడిస్తే ఎత్తుకొనే చేతులు, పిలిస్తే పలికే గొంతు పసితనములో నిలకడగా దొరికిన బిడ్డ, పెద్దయ్యాక ఇతరులను నమ్మగలడని ఆయన పరిశోధనల సారము. ఆ చేతులు కన్నతల్లివే కానక్కరలేదు. కాని అవి మాటిమాటికి మారిపోతే బిడ్డ మనసు బెదురుతుంది. బాల్యమే తలరాత కాదు, తరువాత దొరికిన ప్రేమ కూడా మనిషిని బాగుచేయగలదు. అయినను పునాది పునాదియే.

స్పర్జన్ గారు తల్లికి దూరము కాలేదు. ఇల్లు చేరిన తరువాత ఆమె ఆదివారము సాయంకాలములు పిల్లలను బల్ల చుట్టూ కూర్చుండబెట్టి వాక్యము చదివి ప్రార్థించేది. 1850 మే 3న, తల్లి పుట్టినరోజునే, ఆయన లార్క్ నదిలో బాప్తిస్మము పొందారు. కొడుకు క్రైస్తవుడు కావాలని కోరానే గాని బాప్తిస్టు కావాలని అడుగలేదని ఆమె అంటే, అడిగినదానికంటె దేవుడు ఎక్కువే ఇచ్చాడని ఆయన చమత్కరించారు. చనువున్న చోటనే ఇటువంటి మాటలు సాగుతాయి.

1867లో హిల్యార్డ్ అను విధవరాలు ఇచ్చిన 20,000 పౌండ్లతో ఆయన స్టాక్‌వెల్ అనాథాశ్రమము స్థాపించారు. పిల్లలందరిని ఒకే పెద్ద హాలులో ఉంచక, ఇళ్లుగా విడదీసి, ఇంటికొక తల్లివంటి స్త్రీని నియమించారు. అందరికీ ఒకే రకము దుస్తులు తొడిగి అనాథలని వేలెత్తి చూపించే పద్ధతి వద్దన్నారు. ఒకనాడు అక్కడ చావుబ్రతుకులలోనున్న బాలుని పక్కన కూర్చుండి ఏమి కావాలని అడిగారు. పాటపాడే పిట్ట కావాలన్నాడు. మరునాటికి తెప్పించమని ఆయన అప్పుడే చెప్పారు. పిల్లవానికి ఒక ఇల్లు, ఒక మనిషి కావాలన్న సంగతి ఆయన స్టాంబోర్నులోనే నేర్చుకొన్నారని మేము తలంచుచున్నాము. 1892 జనవరి 31న ఆయన ప్రభువు సన్నిధికి చేరారు.

పొట్టకూటికై ఊళ్లు దాటి వచ్చిన మన కుటుంబములలో ఎందరో బిడ్డలను అమ్మమ్మ, నాయనమ్మల యొద్ద విడిచారు. వారిని తప్పుపట్టుటకు మేము ఇది వ్రాయలేదు. విడువవలసి వస్తే, సాకే చేతులను తరచు మార్చకండి. తిరిగి తెచ్చుకొనేటప్పుడు ఆ బంధమును ఒక్క దెబ్బతో తెంపకండి. తాతయ్యను చూడాలని ఏడ్చే బిడ్డను కసరక, ఆ రాత్రి ఆరుబయటకు ఎత్తుకొని వెళ్లి చందమామను చూపించండి.