కల్యలో నిలిచిన పాల్కురికి సోమనాథుడు

శివకవిత్రయములో నొకడైన పాల్కురికి సోమనాథుడు ఓరుగంటి సీమయందలి పాలకుర్తివాడు. తల్లి శ్రియాదేవి, తండ్రి విష్ణురామిదేవుడు. ఆయన కాలమును గూర్చి పండితులలో ఏకాభిప్రాయము లేదు. కొందఱు 12వ శతాబ్ది ఉత్తరార్ధమున జన్మించెననిరి; కొందఱు రెండవ ప్రతాపరుద్రుని (1289–1323) నాటివాడనిరి. శివైక్యము నొందిన చోటును మాత్రము సంప్రదాయము మఱవలేదు. అది కన్నడసీమలో మాగడి చేరువనున్న కల్య గ్రామము. బడిపిల్లలకు జాను తెనుగును గూర్చి చెప్పుదురే కాని, కల్య పేరు చెప్పువారు అరుదు.

పాలకుర్తికిని కల్యకును నడుమ 500 కిలోమీటరులకు పైబడిన దూరము. రాజాశ్రయము కొఱకు దేశాంతరమేగిన కవులు పెక్కుండ్రు. సోమన యా కోవకు చెందడు. చదువుకొన్నవారు మెచ్చు వృత్తములను కాదని, సామాన్యులు పాడుకొను ద్విపదలో బసవపురాణమును రచించి గొబ్బూరి సంగనామాత్యునికి అంకిత మొసగినవాడాయన. అట్టి కవికి తెలుగు గడ్డను విడుచుట యనగా, తన ద్విపదను పాడుకొను జనమును విడుచుటయే. ఏ కవికైనను ఇంతకు మించిన నష్టమేమి?

అయినను కన్నడము ఆయనకు పరాయి కాదు. వృషాధిప శతకమున అరవము, కన్నడము, ఆరె భాషలలోను పద్యములు కూర్చెను. శీలసంపాదనె, సహస్రగణనామ మొదలగు కన్నడ కృతులును ఆయన పేర నున్నవి. సీమ మాఱినను భక్తులు భక్తులే యన్న భావముతో నడచినవానికి ఎల్లలు అడ్డు కాలేదు.

మల్లికార్జున పండితారాధ్యుడును బసవేశ్వరుని దర్శింపవలెనని వెలనాటినుండి బయలుదేరినవాడే. దారిలోనే బసవేశ్వరుని లింగైక్యవార్త విని, శోకించి, శ్రీశైలమునకు మరలెను. పండితారాధ్య చరిత్రమున ఆ యెడబాటును వ్రాసినవాడు సోమనాథుడే. గురుతుల్యుడు చేరలేకపోయిన కన్నడసీమకు ఆ కవియే తుదకు చేరుట గమనింపదగినది.

సోమన వెంట ఆయన గ్రంథమును కదలెను. కన్నడదేశపు మహాపురుషుని చరిత్రము తెలుగున కావ్యమైనది. దానినే 1369లో భీమకవి షట్పదులలో కన్నడమునకు తెచ్చెను. బసవేశ్వరుని మాతృభాషవారు ఆయన కథను పాలకుర్తి కవి చెప్పిన వరుసలోనే వినసాగిరి. తెలుగునాట పిడుపర్తి సోమనాథుడు ఆ ద్విపదను మరల పద్యకావ్యముగా వ్రాసెను. అప్పటికి మూలకవి కల్య మట్టిలో కలిసి చిరకాలమైనది.