తెరకు ఇరువైపులా ఐడా లుపినో

చలనచిత్రం సమష్టి కళ. రచయిత, నటీనటులు, ఛాయాగ్రాహకుడు, కూర్పరి మొదలైన పలువురి ప్రతిభను ఒక్క త్రాటిపై నడిపించే బాధ్యత దర్శకునిది. ఆ బాధ్యత పురుషులకే చెల్లునని లోకం చాలాకాలం విశ్వసించింది. అమెరికాలో మూకీ చిత్రాల కాలాన లోయిస్ వెబర్ వంటి స్త్రీలు దర్శకులుగా రాణించారు. కాని చిత్రనిర్మాణం పెద్ద వ్యాపారంగా మారిన కొద్దీ ఆ స్థానం వారి చేజారిపోయింది. డొరొతి ఆర్జ్నర్ 1943లో తన చివరి చిత్రాన్ని అందించి విరమించిన తరువాత హాలీవుడ్‌లో ఆ పీఠం స్త్రీలకు దాదాపు శూన్యమైంది. అటువంటి రోజులలో, అప్పటికే నటిగా ప్రసిద్ధి పొందిన ఒక యువతి దర్శకత్వానికి పూనుకొన్నది. ఆమె ఐడా లుపినో.

ఐడా 1918 ఫిబ్రవరి 4న లండన్ నగరంలో జన్మించింది. లుపినోలది తరతరాలుగా రంగస్థలాన్నే నమ్ముకొన్న కుటుంబం. తండ్రి స్టాన్లీ లుపినో పేరుపొందిన హాస్యనటుడు. తల్లి కానీ ఓషియా కూడా నటియే. ఉగ్గుపాలతోనే అభినయాన్ని నేర్చిన ఐడా పదమూడేళ్ల ప్రాయంలో లండన్‌లోని రాయల్ అకాడమీ ఆఫ్ డ్రమాటిక్ ఆర్ట్‌లో చేరింది. ఆమె చిత్రరంగ ప్రవేశం విచిత్రంగా జరిగింది. ‘హర్ ఫస్ట్ అఫైర్’ అనే చిత్రంలో ఒక పాత్ర కోసం తల్లి ప్రయత్నించగా, దర్శకుడు అలన్ డ్వాన్ దృష్టి వెంట ఉన్న కుమార్తెపై పడింది. ఆ పాత్ర ఐడాను వరించింది.

1933లో పారమౌంట్ సంస్థ ఆహ్వానంపై ఆమె అమెరికా చేరింది. మరుసటి ఏడాదే పోలియో వ్యాధి ఆమెను పీడించింది. నడక, రూపం, కదలిక ఇవే జీవనాధారమైన నటికి అది పిడుగుపాటు. అదృష్టవశాత్తు ఆమె కోలుకొన్నది. అయితే దేహాన్ని మాత్రమే నమ్ముకొన్న వృత్తి ఎంత అస్థిరమైనదో ఆ వయసులోనే ఆమెకు బోధపడింది. రచన, దర్శకత్వం వైపు మనసు మళ్లడానికి ఆ అనుభవమే బీజం వేసింది.

కొన్నేళ్లపాటు ఆమెకు అందచందాలకే పరిమితమైన పాత్రలు లభించాయి. వాటితో తృప్తి చెందక, దర్శకుడు విలియం వెల్‌మన్‌ను స్వయంగా కలిసి, తనను పరీక్షించవలసిందిగా పట్టుపట్టింది. ఫలితంగా 1939లో ‘ది లైట్ దట్ ఫెయిల్డ్’ చిత్రంలో ఆమె నటన అందరి దృష్టినీ ఆకర్షించింది. ఆపై వార్నర్ బ్రదర్స్ సంస్థలో ‘దే డ్రైవ్ బై నైట్’, ‘హై సియెర్రా’ చిత్రాలు ఆమెను అగ్రశ్రేణి నటిగా నిలబెట్టాయి. ‘ది హార్డ్ వే’ చిత్రానికి 1943లో న్యూయార్క్ చిత్రవిమర్శకుల సంఘం ఆమెను ఉత్తమ నటిగా గుర్తించింది.

ఆనాటి హాలీవుడ్‌లో నటీనటులు దీర్ఘకాలిక ఒప్పందాలకు కట్టుబడి ఉండేవారు. సంస్థ ఇచ్చిన పాత్రను నిరాకరిస్తే జీతం నిలిపివేసి పక్కన ఉంచేవారు. నచ్చని పాత్రలను త్రోసిపుచ్చిన ఐడాకు ఈ శిక్ష పలుమార్లు తప్పలేదు. మరొకరైతే ఆ కాలాన్ని దిగులుతో గడిపేవారు. ఆమె మాత్రం చిత్రీకరణ జరిగే చోటికి వెళ్లి, దర్శకులు సన్నివేశాన్ని ఎలా తీర్చుతున్నారో, కూర్పరులు దృశ్యాలను ఎలా జతపరుస్తున్నారో శ్రద్ధగా పరిశీలించేది. యజమానులు దండనగా విధించిన విరామం ఆమెకు విద్యాభ్యాస కాలమయింది.

1947లో వార్నర్ సంస్థను వీడిన ఐడా మరుసటి ఏడాది అమెరికా పౌరసత్వం స్వీకరించింది. అనంతరం భర్త కొలియర్ యంగ్‌తో కలిసి స్వతంత్ర చిత్రనిర్మాణంలోకి అడుగిడింది. ‘నాట్ వాంటెడ్’ అనే చిత్రాన్ని తీయవలసిన దర్శకుడు ఎల్మర్ క్లిఫ్టన్ గుండెపోటుకు గురికావడంతో ఆ భారాన్ని ఆమె తలకెత్తుకొన్నది. చిత్రాన్ని పూర్తిచేసినప్పటికీ దర్శకురాలిగా తన పేరు వేసుకోలేదు. 1949లో విడుదలైన ఈ చిత్రం, పెళ్లికాకుండా తల్లియై బిడ్డను పరుల చేతికి అప్పగించిన ఒక యువతి ఆవేదనను చిత్రించింది.

ఆమె సొంత పేరుతో వెలువడిన తొలి చిత్రం ‘నెవర్ ఫియర్’. పోలియో సోకిన ఒక నర్తకి కథ ఇది. తాను అనుభవించిన బాధనే ఐడా కథావస్తువుగా మలచుకొన్నది. నిజమైన పునరావాస కేంద్రంలో చిత్రీకరించి, అక్కడి రోగులకు కూడా తెరపై స్థానం కల్పించింది. చక్రాల కుర్చీలలో కూర్చొని వారు చేసే నృత్యం, జాలిని కాక గౌరవాన్ని కలిగిస్తుంది.

1950లో వచ్చిన ‘అవుట్‌రేజ్’ మరింత సాహసోపేతమైనది. అత్యాచారానికి గురైన యువతి మనోవేదన దీని వస్తువు. ఆనాటి చిత్రనియమావళి కఠినమైనది. ఆ నేరాన్ని పేరుపెట్టి చెప్పడానికే వీలులేదు. ఐడా ఆ ఘాతుకాన్ని చూపకుండానే దాని భీకరత్వాన్ని చూపింది. నిర్జనమైన వీధులలో యువతి పరుగు, ఆగకుండా మోగే లారీ హారన్, ఆ మోతకు కిటికీ దగ్గరకు వచ్చి, తిరిగి కిటికీ మూసుకొనే పొరుగువాడు ఆ సన్నివేశానికి ప్రాణం. నేరం ఒక్కనిదే అయినా, కిటికీలు మూసుకొనే సమాజానికీ అందులో వాటా ఉన్నదని ఆ దృశ్యం స్ఫురింపజేస్తుంది. నేరం జరిగిన తరువాత బాధితురాలు ఎదుర్కొనే చూపులు, గుసగుసలు, ఊరు విడిచి పారిపోవలసిన దుస్థితి మిగిలిన కథను నడుపుతాయి.

1953లో వచ్చిన ‘ది హిచ్‌హైకర్’ ఆమె ప్రతిభకు మరో పార్శ్వం. ఇద్దరు మిత్రులు దారిలో కారెక్కించుకొన్న వ్యక్తి హంతకుడని తేలుతుంది. అమెరికాలో నిజంగా జరిగిన వరుస హత్యలు దీనికి ఆధారం. హంతకునికి ఒక కన్ను మూతపడదు. అందుచేత అతడు నిద్రించుచున్నాడో, మేల్కొని ఉన్నాడో బందీలకు తెలియదు. ఆ ఒక్క కల్పనతోనే ఐడా ప్రేక్షకులను ఉత్కంఠలో ముంచివేసింది. స్త్రీలు కుటుంబగాథలే తీయగలరనే అపోహను ఈ చిత్రం తొలగించింది. అదే ఏడాది ‘ది బిగమిస్ట్’ చిత్రానికి దర్శకత్వం వహిస్తూ అందులో ప్రధానపాత్రను కూడా ఆమె పోషించింది.

దర్శకుల సంఘంలో 1950 నాటికి స్థానం పొందిన రెండవ మహిళ ఐడా. సమావేశాలలో అధ్యక్షులు సభ్యులను పురుషులుగా సంబోధించి, ఆపై ఆమె పేరును విడిగా చేర్చవలసి వచ్చేది. చిత్రీకరణలో ఆమె గట్టిగా ఆజ్ఞాపించేది కాదు. తనకొక సందేహమున్నదని, ఇలా చేస్తే బాగుంటుందేమోనని సలహా అడిగినట్లు పలికి పని సాధించేది. తనను తల్లిగా భావించమని సాంకేతిక నిపుణులకు చెప్పేది. ఆమె కుర్చీ వెనుక కూడా ఆ అర్థం వచ్చే మాటలే ఉండేవి. పురుషునికి పదవితోనే లభించే విధేయతను ఆమె వాత్సల్యం చాటున పొందవలసి వచ్చింది. ఇది ఆమె లౌక్యానికి నిదర్శనమే కాక, ఆ కాలపు అసమానతకూ అద్దం పడుతుంది.

సొంత సంస్థ పంపిణీ వ్యాపారంలోకి దిగి నిలదొక్కుకోలేకపోవడంతో ఆమె టెలివిజన్ వైపు మరలింది. అక్కడ వందకు పైగా భాగాలకు దర్శకత్వం వహించింది. ‘ది ట్విలైట్ జోన్’ అనే ప్రసిద్ధ ధారావాహికలో 1959లో నటించి, 1964లో ఒక భాగానికి దర్శకత్వం వహించింది. ఆ తొలి ధారావాహికకు దర్శకత్వం వహించిన స్త్రీ ఆమె ఒక్కతే. 1966లో వచ్చిన ‘ది ట్రబుల్ విత్ ఏంజెల్స్’ వెండితెరకు ఆమె అందించిన చివరి దర్శకత్వ కృషి.

ఐడా లుపినో 1995 ఆగస్టు 3న లాస్ ఏంజెలిస్‌లో 77వ ఏట కన్నుమూసింది. దర్శకురాలిగా ఆమె జీవించి ఉండగా పొందిన గుర్తింపు స్వల్పం. భద్రపరచదగిన జాతీయ చిత్రాల జాబితాలో ‘ది హిచ్‌హైకర్’ 1998లోనూ, ‘అవుట్‌రేజ్’ 2020లోనూ చోటు సంపాదించాయి. నేటి విమర్శకులు ఆమె చిత్రాలను ఆదరంతో పరిశీలిస్తున్నారు.

వ్యాధి, శిక్ష, లోకుల అపనమ్మకం ఇవేవీ ఆమెను వెనుకంజ వేయించలేదు. వ్యాధిని కథగా, శిక్షను చదువుగా మార్చుకొన్నది. అంతకంటె ముఖ్యంగా, తాను గెలిచిన స్థానం నుంచి ఓడినవారి వైపు దృష్టి సారించింది. అవివాహిత మాత, అవిటితనం పొందిన నర్తకి, అత్యాచార బాధితురాలు — సమాజం చూపు తిప్పుకొన్న వీరందరినీ తెర నడుమ నిలిపింది. మూసిన కిటికీలను తెరిపించడమే కళ ప్రయోజనమైతే, ఐడా లుపినో ఆ ప్రయోజనాన్ని నెరవేర్చిన ధన్యురాలు.