గోదావరి పెంచిన చిత్రకారుడు దామెర్ల రామారావు

పరీక్షలు దగ్గర పడ్డాయంటే మన బడుల్లో అన్నిటికన్నా ముందు పోయేది డ్రాయింగ్ పీరియడే. సిలబస్ కాలేదని నేనూ చాలాసార్లు ఆ పీరియడును తీసేసుకున్నాను. ఇంట్లోనూ అంతే. లెక్కల నోటుబుక్కు చివరి పేజీలో చెట్టో పిట్టో కనబడిందంటే పిల్లలకు చీవాట్లు తప్పవు. అందుకే ఈ వారం మన పేజీలో దామెర్ల రామారావు గారి జీవితం చెప్పుకుందాం. తెలుగునేల చిత్రకళకు ఆధునిక కాలంలో దారి వేసినవారిలో ఆయనది మొదటి వరస.

రామారావు 1897 మార్చి 8న రాజమండ్రిలో పుట్టారు. పాపికొండల మధ్య ఇరుకుగా పారి వచ్చే గోదావరి ఆ ఊరి దగ్గరకు వచ్చేసరికి ఎంతో వెడల్పుగా పరుచుకుంటుంది. పడవలు, రేవులు, గుళ్లు, స్నానాలకు వచ్చే జనం, దూరంగా కొండలు. ఆయన కళ్లకు మొదటి పాఠం అదే.

ఆ కళ్లను గుర్తుపట్టింది ఒక ఉపాధ్యాయుడు. అప్పుడు రాజమండ్రి ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్‌గా ఆస్వాల్డ్ కూల్డ్రే అనే ఆంగ్లేయుడు ఉండేవారు. ఆయన స్వయంగా కవి, నీటిరంగుల చిత్రకారుడు. కాలేజీలో పాఠం అయ్యాక చేతులు దులుపుకునే మనిషి కాదు. బొమ్మల మీద ఇష్టం ఉన్న పిల్లలను చేరదీసి, చుట్టూ ఉన్న నదినీ కొండలనూ చూడటం నేర్పారు. తరవాత రచయితగా, చిత్రకారుడిగా పేరు తెచ్చుకున్న అడివి బాపిరాజు కూడా ఆయన శిష్యుడే. రామారావును కూల్డ్రే అజంతాకు తీసుకుపోయారు.

అజంతా మన మహారాష్ట్రలోదే. మన బడుల ట్రిప్పులు కూడా అక్కడికి పోతుంటాయి. అయితే గుహల ముందు ఫొటో దిగి తిరిగి రావడం వేరు, గోడ ముందు కూర్చుని గీయడం వేరు. ఆ గోడల మీద బుద్ధుడి కథలతో పాటు ఏనుగులు, లేళ్లు, హంసలు, తామరపూలు ఉంటాయి. గుహల కింద వాఘూర్ నది వంపు తిరుగుతుంది. అలాంటి చోట కూర్చుని గీసినవాళ్లు తమ చుట్టూ ఉన్న లోకాన్నే గోడకెక్కించారని చూసినవారికి అర్థమవుతుంది.

1916లో రామారావు బొంబాయి జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్‌లో చేరారు. మాట్లాడే భాష వేరు, నేర్పే పద్ధతి ఐరోపాది. వెలుగునీడలు, దూరం దగ్గర చూపడం, మనిషి శరీరాన్ని కొలిచి గీయడం అక్కడ శ్రద్ధగా నేర్చుకున్నారు. గుజరాత్ వైపు కూడా తిరిగి చిత్రాలు వేశారు. కానీ చదువు అయ్యాక ఆయన కుంచె తిరిగి గోదావరి వైపే నడిచింది. తూర్పు కనుమల మధ్య నది, తెలుగింటి ఆడవాళ్లు, నంది పూజ, కార్తీక పౌర్ణమి ఆయన చిత్రాలయ్యాయి. పరాయి చోట నేర్చిన విద్యతో తన ఊరిని గీశారు. తెలుగు ఇంట్లో పెరిగి, మరాఠీ ఊళ్లో చదివే మన పిల్లలకు ఈ సంగతి చెప్పి తీరాలి.

1922లో కలకత్తా ప్రదర్శనలో ఆయన ఋష్యశృంగుడి చిత్రానికి వైస్రాయ్ బహుమతి వచ్చింది. అడవి తప్ప వేరే లోకం తెలియని మునికుమారుడి కథ అది. 1923లో రాజమండ్రిలో చిత్రకళాశాల పెట్టారు. భార్య సత్యవాణి, చెల్లెలు బుచ్చికృష్ణమ్మ కూడా చిత్రాలు వేశారు. ఆడపిల్లకు బొమ్మలెందుకనే రోజుల్లో ఆ ఇంట్లో కుంచె వాళ్ల చేతికీ అందింది.

1925 ఫిబ్రవరి 6న మశూచి ఆయనను తీసుకుపోయింది. 28 ఏళ్లు నిండటానికి ఇంకా నెల రోజులుంది. స్నేహితుడు వరదా వెంకటరత్నం ఆ బడిని నిలబెట్టారు. రామారావు చిత్రాలు చెదిరిపోకుండా నిలిచి, ఈ రోజుకీ రాజమండ్రిలో ఆయన పేరున ఉన్న చిత్రశాలలో ఉన్నాయి. పెద్ద తైలవర్ణ చిత్రాలతో పాటు పెన్సిలు గీతల పుస్తకాలూ దాచారు. తల్లిదండ్రులు ముందు చూడవలసింది ఆ పుస్తకాలనే. రోజూ చూసి, రోజూ గీస్తేనే అలాంటివి నిండుతాయి.

మన పిల్లలకు గోదావరి లేదు. సాంచాల చప్పుడు, నూలు దుమ్ము, ఇరుకు గల్లీలు ఉన్నాయి. అయినా సిద్ధేశ్వర్ చెరువు ఉంది, పక్కనే భుయికోట్ కోట ఉంది. కంబర్ చెరువు మీద చలికాలం పిట్టలు వాలుతాయి. హిప్పరగా చెరువు ఎక్కువ దూరం కాదు. ఊరు దాటితే నాన్నజ్ గడ్డిమైదానం ఉంది.

బొమ్మలు కూడు పెడతాయా అని అడిగే తండ్రి తన సాంచె మీదున్న చాదరును ఒక్కసారి చూడాలి. ఆ నెమలిని, ఆ తీగను ముందు ఎవరో ఒకరు గళ్ల కాగితం మీద గీశారు. తరవాతే జకార్డ్ అట్టలకు చిల్లులు పడ్డాయి, గుడ్డ మీద పువ్వు తేలింది. డిజైన్ గీసే చేయి లేకపోతే మన పేటలో నేత లేదు. మన రాష్ట్రంలో ఎలిమెంటరీ, ఇంటర్మీడియట్ డ్రాయింగ్ పరీక్షలు కూడా ఉన్నాయి. పిల్లలను రాయించండి.

ఖర్చేమీ లేదు. ఒక సెలవు రోజు పొద్దున్నే, ఎండ ముదరకముందే, ఒక పెన్సిలు, నాలుగు కాగితాలు ఇచ్చి పిల్లలను చెరువు గట్టు మీద కూర్చోబెట్టండి. బాగా రాలేదని అనకండి, ఏం చూశావని అడగండి. కూల్డ్రే గారు చేసిందీ దాదాపు ఇదే. నా మట్టుకు నేను ఈ ఏడు పరీక్షల ముందు కూడా డ్రాయింగ్ పీరియడు జోలికి పోకూడదని అనుకున్నాను.