ఏజీ ఆఫీసులో ధ్యాన గురువు – ఊ బా ఖిన్ గారు

ఏజీ ఆఫీసు పేరు వినని పెన్షనరు మనలో ఉండరు. పెన్షన్ ఆర్డరు కోసం ఎదురుచూసిన రోజులు ఎవరికి మాత్రం మరపునకు వస్తాయి? అటువంటి ఆఫీసులో గుమాస్తాగా చేరి, చివరకు దానికే అధిపతి అయి, ఉద్యోగం చేస్తూనే ఎందరికో బుద్ధుని ధ్యానమార్గం నేర్పిన మహనీయులు బర్మా దేశస్థులైన ఊ బా ఖిన్ గారు.

ఆయన 1899 మార్చి 6న రంగూనులో సామాన్య కుటుంబంలో జన్మించారు. మన పెద్దలు రంగం అని పిలిచిన ఊరు అదే. కోస్తా జిల్లాల నుంచి ఎందరో పొట్ట చేతబట్టుకుని అక్కడికి వెళ్ళారు. 1917లో హైస్కూలు చదువు బంగారు పతకంతో ముగించి, కాలేజీకి స్కాలర్‌షిప్పు పొందినా, ఇంటి పరిస్థితుల వల్ల చదువు మానవలసి వచ్చింది. కొద్దికాలం ఒక పత్రికలో పనిచేసి, అకౌంటెంట్ జనరల్ ఆఫీసులో గుమాస్తాగా చేరారు. 1926లో అకౌంట్స్ సర్వీసు పరీక్ష ప్యాసయ్యారు.

1937 జనవరిలో ఒక సాధకుని ద్వారా ఆనాపానం, అనగా వచ్చే పోయే శ్వాసను గమనించడం, తెలుసుకున్నారు. వారం తిరగకుండా ఆఫీసు వదిలి, నది అవతలి పల్లెలో ఉన్న సయా తెట్‌జీ అనే రైతు గురువు వద్దకు వెళ్ళారు. ముందు శ్వాస మీద మనసు నిలపడం, తర్వాత ఒంటి మీద కలిగే నొప్పి, వేడి, దురద వంటివాటిని కోపగించుకోకుండా, కోరుకోకుండా, వచ్చిపోయేవిగా చూడటం ఆ సాధన. పది రోజుల తర్వాత తిరిగివస్తే బల్లమీద ఒక కవరు కనిపించింది. ఉద్యోగం పోయిందేమోనని విప్పితే అది ప్రమోషన్ ఉత్తర్వు! ఇండియా నుంచి వేరుపడనున్న బర్మా ఆడిట్ కార్యాలయానికి ఆయనను స్పెషల్ ఆఫీస్ సూపరింటెండెంటుగా ఎంపిక చేశారు.

1948 జనవరి 4న, బర్మాకు స్వాతంత్ర్యం వచ్చిన రోజున, ఆయన తొలి అకౌంటెంట్ జనరల్ అయ్యారు. అవినీతిని సహించని అధికారిగా పేరు పొందారు. ఒక దశలో మూడు శాఖాధిపతుల పనిని ఒక్కరే చూశారు. 1950లో తన ఆఫీసు ఉద్యోగుల కోసమే విపశ్యన సంఘం స్థాపించారు. 1952లో రంగూనులో అంతర్జాతీయ ధ్యాన కేంద్రం ప్రారంభించారు. 1967లో పదవీ విరమణ చేసి, 1971 జనవరి 19న కన్నుమూసే వరకు బోధిస్తూనే ఉన్నారు.

1955లో తలనొప్పితో ఆయన వద్దకు వచ్చిన వ్యాపారి గోయెంకా గారు 1969లో ఈ విద్యను మన దేశానికి తెచ్చారు. హైదరాబాదులోను, నాగార్జునసాగర్‌లోను కేంద్రాలు వెలిశాయి. బౌద్ధ స్తూపం వెలసిన ఘంటసాల మన పామిడిముక్కలకు దగ్గరలోనే ఉన్నా, ఆ స్తూపం ఎవరిదో ఆయన చెప్పిన సాధన మాత్రం మనకు బర్మా తిరిగి రావలసి వచ్చింది.

ఆయన ముప్పయ్యేడో ఏట తీసుకున్న ఆ పది రోజులను నేను రిటైరయ్యేదాకా వాయిదా వేశాను. ఫైళ్ళు తెమలవని ఒక సాకు, పిల్లల చదువులని ఒక సాకు. ఇప్పుడు తీరిక ఉన్నా మోకాళ్ళు ముడుచుకోవు. అయినా ప్రతి ఉదయం నలుగురు మిత్రులతో కుర్చీలో కూర్చునే శ్వాసను గమనిస్తున్నాను. ఉద్యోగాలలో ఉన్న మన బిడ్డలకు నా మనవి ఒక్కటే. మీ సెలవు ఖాతాలో నిల్వ ఉండగానే ఒక పది రోజులు దీనికి వాడుకోండి.