తూటా తనే కూరుకున్న ఆనీ

మా జాలరిపేటలో చేపలమ్మే ఆడవాళ్లకి ఒక పట్టింపుంది. వంజరం పొట్ట చిట్లినా, మొప్ప దగ్గర చీరుకుపోయినా దాన్ని గంపలో పైన పెట్టరు. ధర పడిపోతుంది మరి. అందుకేనేమో, ఆనీ ఓక్లే గురించి చదువుతుంటే నాకు ఎక్కడో అమెరికా కథలా అనిపించలేదు. తుపాకి గురిలో ప్రపంచమంతా పేరు తెచ్చుకున్న ఈ మనిషి కూడా మొదట చేసింది అమ్మకమే.

1860 ఆగస్టు 13న ఒహాయో రాష్ట్రం, డార్క్ కౌంటీలో పుట్టింది. అసలు పేరు ఫీబీ ఆన్ మోజీ. 1866లో తండ్రి పోయాడు. ఇంటినిండా పిల్లలు, తల్లి చేతిలో చిల్లిగవ్వ లేదు. తొమ్మిది పదేళ్ల పిల్లని బీదల ఆశ్రమానికి పంపేశారు. అక్కడ కుట్టుపని నేర్చుకుంది. తర్వాత ఒక ఇంటివాళ్లు పనికి తీసుకెళ్లి నానా హింసా పెట్టారు. వాళ్ల పేరు చచ్చేదాకా బయటపెట్టలేదు. తోడేళ్లు అని మాత్రం అనేది.

పారిపోయి ఇల్లు చేరాక తండ్రి పాత తుపాకి పట్టింది. మన ఏజెన్సీలో నాటు తుపాకి చూశారా, ఇంచుమించు అలాంటిదే. గొట్టం మూతిలోంచి మందు పోసి, గుండు వేసి, కడ్డీతో కూరాలి. మందు ఎక్కువైతే భుజం అదిరిపోతుంది, తక్కువైతే దెబ్బ అందదు. అటు చారెడూ ఇటు చారెడూ కుదరదు, ప్రతిసారీ ఒకే కొలత పడాలి. పిట్టల్నీ కుందేళ్లనీ కొట్టి గ్రీన్‌విల్ ఊరి కొట్టుకి వేసేది. తలకే గురిపెట్టేదట, అందుకని తినేవాళ్ల పంటికింద సీసం తగిలేది కాదు. సిన్సినాటి హోటళ్లదాకా ఆమె సరుకు వెళ్లింది. పదిహేనేళ్లకల్లా తల్లి ఇంటిమీది తాకట్టు తీర్చేసింది. తర్వాత రాణులముందు చూపించిన విద్యలకన్నా నాకు ఇదే పెద్దదిగా తోస్తుంది.

ఫ్రాంక్ బట్లర్ అనే పేరున్న గురికాడితో పందెం కట్టింది. 1875లో అని కొందరు, 1881లో అని కొందరు. 25వ గుండు అతనిది తప్పింది, ఈమెది తప్పలేదు. ఓడినవాడే పెళ్లాడాడు. కొన్నాళ్లకి తను ఆట మానేసి, ఆమె పక్కన నిలబడి గాజుబంతులు ఎగరేశాడు, లెక్కలు చూశాడు. మగవాడు వలేస్తే ఆడది అమ్మి డబ్బు కొంగున కట్టుకునే మా పేటలో ఇదేం వింత కాదుగానీ, ఆ కాలపు దొరల్లో వింతే.

1885లో బఫెలో బిల్ ప్రదర్శనలో చేరింది. ఆ ఏడే 5000 గాజుబంతులు ఎగరేయిస్తే 4772 పగలగొట్టింది. తొమ్మిది గంటలు, అదీ తుపాకులు తనే నింపుకుంటూ!

మందు విషయంలో ఆమెకి మా అత్తలకి ఉప్పు విషయంలో ఉన్నంత పట్టుదల. నల్లమందు పేలితే పొగ కమ్మేసి రెండో బంతి కనపడదు, గొట్టం మసిపడుతుంది. అందుకని పొగ తక్కువొచ్చే షుల్జ్ మందు వాడేది. 1889లో పారిస్ వెళ్లారు. అక్కడ తుపాకిమందు సర్కారు గుత్తాధిపత్యం, ఆ సరుకు ఈమెకి నచ్చలేదు. వేడినీళ్ల రబ్బరు సంచుల్లో తన మందు నింపి, తోటి ఆడవాళ్లతో కలిసి లంగాల వెనక కట్టుకుని సరిహద్దు దాటించిందని ఆమె జ్ఞాపకాల్లో ఉంది. దొంగరవాణాయే, కాదనను. కానీ వేరే మందుతో కొలత మారుతుంది, కొలత మారితే గురి మారుతుంది. అన్నం పెట్టేది ఆ గురే కదండీ!

ఈ మాట పిస్తోలు పోటీలకి ఇప్పటికీ వర్తిస్తుంది. .32 పిస్తోలుకి కొందరు పేలిన ఖాళీ తొడుగుల్లో మళ్లీ మందు కూరుకుంటారు. 25 మీటర్ల దూరానికి జోరు అక్కర్లేదు. మందు తగ్గిస్తే చెయ్యి తక్కువ అదురుతుంది. గుండు ముక్కు చదునుగా ఉంటే కాగితంమీద గుండ్రటి చిల్లు శుభ్రంగా తెగుతుంది, మార్కుల దగ్గర పేచీ రాదు. ఒక్కో రకం పదేసి పేల్చి, చిల్లులన్నీ దగ్గరదగ్గరగా పడ్డ రకాన్నే ఉంచుకుంటారు. ఆడవాళ్ల 25 మీటర్ల పోటీలో వాడే .22 తూటాని మాత్రం మళ్లీ నింపడం సాధ్యం కాదు, నిప్పురాజేసే మందు దాని అంచులోనే ఉంటుంది. కాబట్టి రకరకాల పెట్టెలు పేల్చి చూసి తమ పిస్తోలుకి నప్పింది ఏరుకుంటారు. 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో మన హైదరాబాదు అమ్మాయి ఈషా సింగ్ వెండి పతకం తెచ్చింది ఈ పోటీలోనే. (ఇంట్లో ప్రయత్నించే పని కాదు సుమా. మన దేశంలో లైసెన్సు లేకుండా తూటా తయారుచేస్తే జైలే.)

1898లో స్పెయిన్‌తో యుద్ధం వచ్చేలా ఉంటే, యాభైమంది గురి తప్పని ఆడవాళ్లని తీసుకొస్తాననీ, తుపాకులూ తూటాలూ తమవేననీ అధ్యక్షుడు మెకిన్లీకి ఉత్తరం రాసింది. ఫలితం లేకపోయింది.

అసలు పోరాటం 1903లో వచ్చింది. కొకైన్ కోసం దొంగతనం చేసి పట్టుబడిన ఒకామె తన పేరు ఆనీ ఓక్లే అని చెప్పింది. షికాగోలో హెర్‌స్ట్ పత్రికలు నిజానిజాలు చూడకుండా అచ్చేశాయి, దేశమంతా పత్రికలు ఎత్తి రాసుకున్నాయి. ఆడదాని పరువు పోవడానికి ఒక్క పొద్దు చాలు, ఏ దేశంలోనైనా. ఈమె 55 పత్రికలమీద దావా వేసింది. ఆమె బతుకులో మచ్చ వెతకమని హెర్‌స్ట్ డార్క్ కౌంటీకి మనిషిని పంపాడు. ఏమీ దొరకలేదు. ఊరూరా కోర్టులకి తిరిగి 1910 కల్లా 54 దావాలు నెగ్గింది. వచ్చిన పరిహారంకన్నా ఖర్చే ఎక్కువైందంటారు.

తర్వాత పైన్‌హర్స్ట్‌లో ఎందరో ఆడవాళ్లకి తుపాకి పట్టడం నేర్పింది. తన బంగారు పతకాలు కరిగించి అమ్మి ధర్మానికి ఇచ్చేసింది. 1922లో కారు ప్రమాదంలో నడుమూ కాలూ దెబ్బతింటే, కాలికి ఇనుపపట్టీ కట్టుకుని మళ్లీ గురి చూసింది. 1926 నవంబరు 3న గ్రీన్‌విల్‌లో కన్నుమూసింది. ఆ తర్వాత ఫ్రాంక్ తిండి మానేశాడంటారు. 18 రోజులకి అతనూ పోయాడు.